చెవి చెంతకు తిరిగి వచ్చిన రేడియో

గత వేసవిలో మాకు ఒక చిన్న బాధ్యత వచ్చి పడినది. మా మేనమామగారు బేతంచెర్లలో నాపరాళ్ళకు మెరుగు పెట్టు ఫ్యాక్టరీలో ముప్పది సంవత్సరములు పనిచేసి, ఇప్పుడు కర్నూలులో కుమారుని ఇంట విశ్రాంతిగా ఉన్నారు. రాతిని కోయు రంపపు చక్రముల సరసన గడచిన ఆ సంవత్సరములు ఆయన వినికిడిని చాలవరకు హరించినవి. ఉదయము వార్తల వేళకు ఆయన రేడియో గొంతు పెంచుదురు. పక్క గదిలో పరీక్షకు చదువుకొను మనుమరాలు తలుపు మూసికొనును. కోడలు ఏమియు అనదు. కాని వంటయింట గిన్నెల చప్పుడు కొంచెము హెచ్చును.

ఒకనాడు ఆయన వార్తలు విని, ఊరికి తాగునీరు వదలినారని ఇల్లంతయు చాటినారు. కోడలు బిందెలు కడిగి సిద్ధపరచినది. కొళాయిలో చుక్క రాలేదు. వార్త చెప్పినది తాగునీటిని గూర్చి కాదు, కాలువకు వదలిన సాగునీటిని గూర్చి. అందరును నవ్వినారు. ఆయనయు నవ్వినారు గాని, ఆ తరువాత రెండు దినములు రేడియో ముట్టలేదు.

అది చూచి మా బావమరిది తీగ లేని హెడ్‌ఫోను ఒకటి కొని తెచ్చినాడు. చెవిని పూర్తిగా చుట్టి కప్పునదియు కాదు, చెవి రంధ్రములో దూర్చునదియు కాదు; చెవి మీద ఆనుకొని నిలుచు తరగతిది. వెల మూడు వేల రూపాయల లోపు. దానిని మా చేతిలో పెట్టి, “బావా, నెల దినాలు నువ్వు పెట్టుకోని చూడు. నాయినకు పనికొస్తాదో లేదో చెప్పు” అన్నాడు. ఆ విధముగా మేము పరీక్షకుల మైతిమి. ఏ వస్తువు చేతికి వచ్చినను దాని పుట్టుపూర్వోత్తరములు వెదకుట మాకు అలవాటు. ఈ వస్తువు విషయమున ఆ అలవాటు వృథా పోలేదు.

హెడ్‌ఫోను మొదట సంగీతము కొరకు పుట్టినది కాదు, ఉద్యోగము కొరకు పుట్టినది. 1880 ప్రాంతమున అమెరికాలో టెలిఫోను ఎక్స్ఛేంజీలలో పనిచేయువారికి రెండు చేతులును ఖాళీగా ఉండవలసి వచ్చినది. అందుకై భుజము మీద మోయు ఒక సాధనమును కల్పించినారు. దాని బరువు పది పౌనులకు పైమాట, అనగా సుమారు నాలుగున్నర కిలోలు. కావడి మోయువానికి సాటియైన ఉద్యోగమే అది. 1891లో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు ఎర్నెస్ట్ మెర్కాడియే చెవిలో ఇముడు చిన్న టెలిఫోను రిసీవరుకు పేటెంటు పొందినాడు. తరువాత 1910లో నతానియేల్ బాల్డ్విన్ అను అమెరికా దేశస్థుడు యూటా రాష్ట్రమున తన ఇంటి వంటగదిలోనే తలకు తగిలించుకొను హెడ్‌ఫోనును చేసి నౌకాదళమునకు పంపినాడు. వారు పరీక్షించి మరికొన్ని కావలెనన్నారు. ఒక మారు పదికి మించి చేయలేనని ఆయన బదులు వ్రాసినాడట. పేటెంటు తీసికొనుమని చెప్పినను, ఇంత అల్పమైన దానికి పేటెంటు ఎందుకని ఊరకున్నాడని చెప్పుదురు. నేడు ప్రపంచమున బస్సెక్కిన ప్రతి పిల్లవాని మెడలోను వ్రేలాడుచున్నది ఆ అల్పమైన వస్తువే.

ఇక మన వైపు వత్తము. కర్నూలు, కడప జిల్లాలు అప్పటికి చెన్నపట్నపు రాజధానిలోనివి. 1924లో చెన్నపట్నమున సి.వి. కృష్ణస్వామి చెట్టిగారి పూనికతో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడి, ఆ సంవత్సరము జులై 31వ తేదీన ప్రసారములు ఆరంభించినది. మొదట వారి యంత్రపు శక్తి 40 వాట్లు. ఇంటిలో వెలుగు పాత బల్బు ఒకదానికి పట్టు విద్యుత్తే ఒక రాజధానికంతకును వార్తయు పాటయు మోయవలసి వచ్చినదన్న మాట. ఆర్థికపు ఇబ్బందులు తాళలేక 1927లో ఆ క్లబ్బు మూతబడగా, ఆ యంత్రమును చెన్నపట్నపు కార్పొరేషను వారు తీసికొని 1930 ఏప్రిల్ 1వ తేదీ నుండి తామే ప్రసారములు నడిపినారు.

ఆనాటి శ్రోతలలో పలువురికి ఉన్నది స్ఫటికపు రేడియో. దానికి బ్యాటరీ లేదు, కరెంటు లేదు. ఇంటిపై ఒక పొడవైన తీగ, భూమిలోనికి మరియొక తీగ, నడుమ గలేనా అను సీసపు ఖనిజపు ముక్క. ఆ ముక్క మీద సన్నని తీగ మొనను ఇటునటు కదల్చి, ఎచ్చట ఆనించిన ధ్వని పలుకునో వెదకవలెను. ఇట్టి ఖనిజమును విద్యుత్తరంగములను పసిగట్టుటకు వాడవచ్చునని జగదీశ చంద్ర బోసుగారు 1901లో దరఖాస్తు చేసి 1904లో అమెరికా పేటెంటు పొందినారు. సీసపు ఖనిజము మన కడప జిల్లాలో జంగమరాజుపల్లె వైపున కూడ ఉన్నదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అది మన కాళ్ళ క్రింద నిద్రించుచుండగా చెన్నపట్నమున దాని బంధువు పాట పలుకుచుండెను. ఇది ప్రస్తుతమునకు అవసరము లేని మాటయే గాని, చెప్పక ఉండలేక పోతిమి.

ముఖ్యమైన సంగతి ఏమనగా, స్ఫటికపు రేడియోకు తనదైన శక్తి లేదు. ఆకాశమునుండి తీగ మీదకు దిగిన కొద్దిపాటి విద్యుత్తే దాని సర్వస్వము. ఆ విద్యుత్తుతో గదిలోని గాలినంతటిని కదల్చుట అసాధ్యము. చెవి రంధ్రమునకు ముందున్న గరిటెడు గాలిని మాత్రము కదల్పవచ్చును. కనుకనే హెడ్‌ఫోను. ఆ రోజులలో అది విలాసము కాదు, లేమి. ఇంటిలో అందరును వినవలెనన్న కోరికతో పాశ్చాత్య గృహములలో హెడ్‌ఫోనును ఒక గిన్నెలో పెట్టి, దాని చుట్టును తలలు చేర్చి వినెడివారట. ధ్వని గిన్నెలో కొట్టుకొని కొంచెము పెద్దదగును. కలసి వినవలెనన్న ఆశ ఎంత బలమైనదో ఆ గిన్నె చెప్పుచున్నది.

వాల్వులతో పనిచేయు రేడియోలును, లౌడ్‌స్పీకరును వచ్చిన తరువాత ఆ గిన్నెతో పని లేకపోయినది. ధ్వని చెవిని విడిచి గదిలోనికి, గదిని విడిచి వీధిలోనికి వచ్చినది. చెన్నపట్నమున మెరీనా తీరమున కార్పొరేషను వారు పెట్టిన లౌడ్‌స్పీకర్ల క్రింద జనులు గుమిగూడి వినినారు. 1938 జూన్ 16వ తేదీన ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము, 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము వెలసినవి. ఇచ్చట ఒక విచిత్రమును గమనింపవలెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము అవతరించి కర్నూలు రాజధాని యైనది. మూడు సంవత్సరములకు పైగా మంత్రులును, శాసనసభయు, సచివాలయపు గుడారములును కర్నూలులో ఉండినను, అచ్చట రేడియో కేంద్రము మాత్రము లేదు. తమ ఊరిలో జరిగిన శాసనసభ సంగతులను కర్నూలు వాసులు దూరపు కేంద్రముల నోట వినవలసి వచ్చినది. రాయలసీమ నడిబొడ్డున కడపలో కేంద్రము ఏర్పడుట 1963లో. 900 కిలోహెర్ట్జ్‌ల మీద ఆ గొంతు తరువాతి తరముల వారికి ఇంటి మనిషి గొంతు వలె పరిచయమైనది.

ఆ దశాబ్దములలో పల్లెలకు వచ్చిన పంచాయతీ రేడియోను మా మేనమామగారు నేటికిని వర్ణింతురు. చావడి లోపల పెట్టెలో బీగము వేసి రేడియో, బయట గోడపై లౌడ్‌స్పీకరు, రచ్చకట్ట పైన జనము. త్రిప్పుట ఒకరి వంతు, వినుట ఊరందరి వంతు. తపాలా కార్యాలయమున రుసుము చెల్లించి లైసెన్సు తీసికొనిన గాని ఇంట రేడియో ఉంచుకొనరాని దినములవి. 1980 తరువాతి దశాబ్దములో గాని ఆ లైసెన్సు తొలగలేదు. కనుక పలువురికి రేడియో అనగా తమది కానిది, అయినను అందరిది.

మరల చెవి చెంతకు రాక ఎప్పుడు ప్రారంభమైనది? ట్రాన్సిస్టరుతో అనవచ్చును. 1954లో అమెరికాలో మొదటి జేబు ట్రాన్సిస్టరు రేడియో అంగడికి వచ్చినది. అట్టి రేడియోలతోపాటు ఒంటి చెవికి పెట్టుకొను చిన్న గొట్టము వంటి సాధనము కూడ వచ్చెడిది. క్రికెట్టు వ్యాఖ్యానమును కార్యాలయములో అధికారి కంట పడక వినుటకు దానిని మించిన ఉపకరణము లేకుండెను. 1958లో మిల్వాకీ నగరమున జాన్ కాస్ రెండు చెవులకును వేరువేరు ధ్వని నందించు స్టీరియో హెడ్‌ఫోనును ప్రదర్శించినాడు. అంతవరకు టెలిఫోను ఉద్యోగికిని, నావికునికిని పనిముట్టుగా ఉన్నది ఆనాటి నుండి రసికుని వస్తువైనది. 1968లో జర్మనీకి చెందిన సెన్‌హైజర్ సంస్థ ఎచ్.డి. 414 అను దానిని తెచ్చినది. పలుచని స్పాంజి దిండ్లతో, వెనుకభాగము తెరచియుండి, చెవి మీద తేలికగా ఆనుకొను హెడ్‌ఫోను అది. మేము పరీక్షించిన దానికి ముత్తాత అదియే యనవలెను.

1979 జులై 1వ తేదీన జపానులో సోనీ వారి వాక్‌మన్ వచ్చినది. ఆ మొదటి వాక్‌మన్‌లో రెండు హెడ్‌ఫోనులు తగిలించుటకు రెండు రంధ్రములు ఉండినవి. ఇద్దరు కలసి వినుచు నడుమ మాటలాడుకొనుటకు ఒక మీటయు ఉండినది. ఒక్కరే చెవులు మూసికొని వినుట ఎదుటివారికి అవమర్యాద యగునని సంస్థాధిపతి అకియో మొరీటా భావించినాడట. జనులు ఆ రెండవ రంధ్రమును పెద్దగా వాడలేదు. కొంతకాలమునకు అది మాయమైనది.

తీగ తెగిపోవుట చివరి ఘట్టము. 1994లో స్వీడను దేశపు లుండ్ నగరమున ఎరిక్సన్ సంస్థలో యాప్ హార్ట్‌సెన్ మొదలైన ఇంజనీర్లు, పరికరముల నడుమ తీగలకు బదులు అల్పశక్తి గల రేడియో తరంగములను వాడు పద్ధతిపై పనిచేసినారు. 1998లో పలు సంస్థలు దీనికై కూటమిగా ఏర్పడి, పదవ శతాబ్దమున డెన్మార్కు నేలిన హెరాల్డ్ అను రాజు బిరుదమును దానికి పెట్టినవి. బ్లూటూత్ అనగా నీలిదంతము. ఆ రాజు విడివిడి తెగలను కలిపినట్లే ఇది విడివిడి యంత్రములను కలుపునని వారి చమత్కారము. 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతమున 79 మార్గములను ఏర్పరచుకొని, సెకనుకు 1600 మారులు ఒక మార్గమునుండి మరియొక మార్గమునకు గెంతుచు పోవుట దాని మూల పద్ధతి. ఒక మార్గమున రద్దీ యున్న మరియొక దానిలో మాట సాగును. ఈ విధముగా గెంతు ప్రసారమునకు 1942లోనే సినిమా నటి హెడీ లమార్, సంగీతకర్త జార్జి ఆంథైల్ ఇద్దరును కలిసి ఒక పేటెంటు పొందియున్నారు; వారు తలపోసినది సంగీతము కాదు, యుద్ధములోని టార్పిడో.

కనుక మా చేతికి వచ్చిన హెడ్‌ఫోను నిజమునకు ఒక చిన్న రేడియో. చెన్నపట్నపు క్లబ్బు 40 వాట్లతో రాజధాని కంతకును పలుకబోయినది. ఇది వాటులో వేయవవంతుల లెక్కన పదిమీటర్లు పలికి ఊరకుండును. ఇక మా నెల దినముల అనుభవము చెప్పుదుము.

మొదట గోడల సంగతి. మేముండునది రెండడుగుల మందపు రాతి గోడల పాత ఇల్లు. ఫోనును నడవలో నుంచి పెరటిలోనికి పోగా రెండవ గోడ దాటగానే ధ్వని ముక్కలైనది. ఆరుబయట అదియే ఫోను అంతకంటె ఎక్కువ దూరము పలికినది. శరీరము కూడ అడ్డమే. ఫోనును వెనుక జేబులో నుంచినప్పుడు ఒకటి రెండు మారులు తడబడినది, చొక్కా జేబులో నుంచినప్పుడు లేదు. దీనిని తప్పుగా మేము లెక్కింపలేదు. ఇది ఆ తరంగముల స్వభావము.

తరువాత ఎండ. ఉష్ణము 40 డిగ్రీలు దాటిన కర్నూలు మధ్యాహ్నమున చెవిపై కృత్రిమపు తోలు దిండు ఎట్లుండునో పరదేశపు పరీక్షకులు వ్రాయరు. చెవిని చుట్టి కప్పు పెద్ద హెడ్‌ఫోనును మా స్నేహితుడొకడు ఇచ్చినాడు. పావుగంటకే దాని లోపల చెమట కాలువ కట్టినది. మేము పరీక్షించినది ఆ విషయమున మేలు. దిండు చిన్నది, చెవి చుట్టును గాలి ఆడును. అయినను ముప్పావు గంటకు చెవి తమ్మె వేడెక్కి నొప్పి పెట్టును. కళ్ళజోడు పెట్టుకొనువారికి ఆ నొప్పి ఇంకను ముందు వచ్చును, ఏలయనగా కళ్ళజోడు కాడ చెవికిని తలకును నడుమ నలుగును. మా మేనమామగారు కళ్ళజోడు లేనిదే ఫోనులో అక్షరము చూడలేరు. పట్టీని ఒక రాత్రి రెండు లావు పుస్తకములపై సాగదీసి యుంచగా బిగువు కొంత సడలినది. ఏ యే గ్రంథములో చెప్పము, గ్రంథకర్తలు నొచ్చుకొందురు.

బ్యాటరీ విషయమున పెట్టెపై 30 గంటలని వ్రాసియుండగా, మాకు ఒక మారు ఎక్కించినచో 26 గంటలు వచ్చినది. అది చాలును. కాని ఒకనాడు ఎండ పడు కిటికీలో మరచి పోగా సాయంకాలమున ఛార్జి ఎక్కించుకొనుటకు నిరాకరించినది. చల్లబడిన తరువాత గాని దారికి రాలేదు. లిథియం అయాను బ్యాటరీకి ఎండ పరమశత్రువు. నిండుగా ఎక్కించి వేడిలో ఉంచిన దాని ఆయుర్దాయము త్వరగా తరుగును. ఇంతకంటె మాకు రుచింపని సంగతి, ఆ బ్యాటరీని మార్చుటకు వీలుగా తయారీదారు ఏర్పాటు చేయకపోవుట. దిండ్లు మార్చుకొనవచ్చును, ప్రాణము మార్చుకొనరాదు. స్ఫటికపు రేడియోకు ఆ చింతయే లేకుండెను.

కర్నూలు నుండి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరుల మీదుగా కడపకు సుమారు 200 కిలోమీటర్లు బస్సులో పోవుచు పరీక్షించితిమి. చెవి మీద ఆనుకొనునది చెవిని పూర్తిగా మూయదు. బస్సు ఇంజను గుబగుబలు అట్లే లోపలికి వచ్చును. వాటిని అణచుటకు ఎదురు ధ్వనిని పుట్టించు విధానము వేరు. 1978లో జ్యూరిక్ నుండి విమానములో పోవుచు ఆ హోరుకు విసిగిన అమర్ బోస్‌గారు అప్పుడే దానికి లెక్కలు వేసినారని ప్రసిద్ధి. ఆయన తండ్రి బ్రిటిషు ప్రభుత్వమునకు వెరచి అమెరికా చేరిన వంగదేశపు దేశభక్తుడు. మా హెడ్‌ఫోనులో ఆ సౌకర్యము లేదు. ఫలితముగా మేము తెలియకుండనే ధ్వనిని పెంచుచు పోతిమి. నంద్యాలలో బస్సు ఆగి ఇంజను నిలిపినప్పుడు, మా చెవులలోని పాట పక్క సీటులోని పెద్దమనిషికి వినబడుచుండుటయు, ఆయన మమ్ములను జాలిగా చూచుటయు గమనించితిమి. మరియొక వైపున, చెవి పూర్తిగా మూయబడదు గనుక కండక్టరు పిలుపును, వీధిలో వెనుకనుండి వచ్చు లారీ మోతయు వినబడును. నిత్యవాడుకకు ఇది గుణమే.

సినిమా చూచునప్పుడు పెదవులకును మాటకును ఒక్కొక్కప్పుడు కొంత ఎడము కనబడినది. ధ్వనిని కుదించి, పంపి, మరల విప్పుటకు సెకనులో పదవవంతు, రెండు వంతులు పట్టును. రేడియోకు ఆ బాధ లేదనుకొంటిమి. కాని మేనమామగారు పసిగట్టినారు. ఆయన వార్తలకు ముందు వచ్చు సమయసూచిక కూతలతో గడియారము సరిచూచుకొను మనిషి. ఫోనులోని ఆకాశవాణి యాప్ ద్వారా హెడ్‌ఫోనులో వచ్చు కూతలు, పాత ట్రాన్సిస్టరులోని కూతల తరువాత చాలా సెకనులకు వచ్చుచున్నవి. ఇది హెడ్‌ఫోను తప్పు కాదు, ఇంటర్నెట్టు ప్రయాణపు ఆలస్యము. అయినను ఆయన తీర్పు ఆయనదే: “ఇంత ఖరీదు పెట్టినా గడియారం ఎనకబడ్యా?”

ఇక అసలు విషయము. నెల చివర హెడ్‌ఫోనును ఆయన చెవులకు తగిలించి కడప కేంద్రపు వార్తలు పెట్టితిమి. ధ్వనిని మేము సగమునకు తక్కువగానే ఉంచితిమి. ఆయన కొంతసేపు కదలకుండ కూర్చుండి, “నా పక్కనే కూచ్చోని చెప్తాండాడు రా అబ్బీ” అన్నారు.

సగము ధ్వనితో, అంత చెవుడు గల మనిషికి, ఎట్లు? మాకు ఆశ్చర్యమైనది. ఆలోచింపగా కారణము ఇంటిలోనే దొరికినది. మా ప్రాంతపు ఇండ్ల నేల నాపరాయి, పాత ఇండ్లలో గోడయు రాయి, కొన్నిట కప్పును రాతి బండలే. రాయి ధ్వనిని మ్రింగదు, త్రిప్పి కొట్టును. రేడియో పలికిన ప్రతి అక్షరమును గోడకొట్టి, నేలకొట్టి, తరువాతి అక్షరముపై వచ్చి పడును. మంచి చెవి గలవారు దానిని సర్దుకొందురు. యంత్రముల హోరుతో చెడిన చెవి సర్దుకొనలేదు. అట్టి చెవుడు సామాన్యముగా 4000 హెర్ట్జ్‌ల ప్రాంతపు సన్నని ధ్వనులతో మొదలగును. అచ్చులు బరువైన ధ్వనులు, అవి నిలుచును; స, శ, చ వంటి హల్లుల బుసబుసలు సన్ననివి, అవి ముందుగా పోవును. కనుకనే మాట వినబడును, మాటలోని అక్షరము తెలియదు. సాగునీరు తాగునీరగుట ఇందువలననే. రేడియో గొంతు పెంచిన కొలది రాతి గోడల ప్రతిధ్వనియు అంతకు అంత పెరుగును గాని స్పష్టత పెరుగదు. హెడ్‌ఫోను గదిని తొలగించినది. ఆయనకు కావలసినది పెద్ద ధ్వని కాదు, దగ్గర ధ్వని. నూరేండ్ల క్రిందట స్ఫటికపు రేడియో శ్రోత లేమి వలన చేసిన పనియే ఈనాడు ఆయనకు ఉపాయమైనది.

ఇంతవరకు సంతోషమే. మూడవనాడు మేము పోయి చూడగా ధ్వని చివరి మెట్టు వరకు పెంచి ఉన్నది. వినబడినకొలది ఇంకను వినవలెనని ఆశ. ఇచ్చట భయపడవలసియున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు పెద్దలకు 80 డెసిబెళ్ళ ధ్వనిని వారమునకు 40 గంటలు, పిల్లలకు 75 డెసిబెళ్ళను అంతే కాలము హద్దుగా చెప్పినారు. ప్రతి 3 డెసిబెళ్ళ పెంపునకు కాలము సగమగును. 100 డెసిబెళ్ళకు పోయినచో వారమంతటికి సుమారు 20 నిమిషములే. పలు హెడ్‌ఫోనులు చివరి మెట్టున ఆ ప్రాంతమునకు చేరగలవు. మన దేశపు ఫ్యాక్టరీల నిబంధనలు కార్మికునికి దినమునకు 8 గంటల పనికి 90 డెసిబెళ్ళు హద్దు పెట్టినవి. రాతి కోత యంత్రముల దగ్గర ఆ హద్దును పాటింపజేయుట ఎంత కష్టమో ఆ షెడ్డులోనికి ఒకమారు పోయినవారికి తెలియును. ముప్పది సంవత్సరములు రాయి తిన్న చెవిలో మిగిలిన కొద్దిపాటిని ఇప్పుడు ఈ దిండ్లు తిని వేయరాదు గదా.

ఫోనులో ధ్వనికి హద్దు పెట్టు ఏర్పాటు ఉన్నది. దానిని బావమరిది చేత పెట్టించితిమి. ఆయన అలిగినారు. “రంపం కాడ ముప్పై ఏండ్లుంటే ఎవురూ హద్దు పెట్టల్యా, వార్తలకు పెడ్తారా” అన్నారు. మా దగ్గర సమాధానము లేకపోయినది. ఆ షెడ్డులో ఆయనకు చెవులు కప్పుకొనుటకు ఇచ్చినది తన తువ్వాలు తప్ప మరేమియు లేదు. అదియు ఆయన సొంతమే.

హెడ్‌ఫోను వినికిడి యంత్రము కాదని కూడ ఇచ్చట చెప్పవలెను. వినికిడి యంత్రము ఏ ధ్వని తక్కువైనదో ఆ ధ్వనిని మాత్రము పరీక్ష ననుసరించి పెంచును. హెడ్‌ఫోను అన్నిటిని ఒక్కటిగా పెంచును. ఈ రెండింటి నడుమ గోడ ఇప్పుడు కొంత పలుచబడుచున్నది. 2024 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ సంస్థ ఆపిల్ వారి ఒక చెవి పరికరమునకు, స్వల్పముగా వినికిడి తగ్గినవారికి వినికిడి యంత్రముగా పనిచేయు సాఫ్ట్‌వేరును అనుమతించినది. ఆ సంస్థ చెవి పరికరముల తయారీ హైదరాబాదు చెంత కొంగరకలాన్‌లో 2025లో ఆరంభమైనది. కాని అట్టి వాని వెల మా బావమరిది పెట్టిన దానికి పలు రెట్లు.

కలసి వినుట మాట? 2022లో బ్లూటూత్ కూటమి వారు ఒక పరికరమునుండి ఎందరైనను తమతమ హెడ్‌ఫోనులలో ఒక్కమారే వినుటకు వీలగు కొత్త విధానమును ప్రకటించినారు. గిన్నె చుట్టును తలలు చేర్చినవారి కోరికయు, వాక్‌మన్‌లోని రెండవ రంధ్రమును మరల తలయెత్తినవన్న మాట. మా హెడ్‌ఫోనులో అది లేదు. ఉన్నను, ఒక చావడిలో నలువది మంది చెవులు మూసికొని ఒకే వార్త వినుచు కూర్చుండుట ఎట్లుండునో మాకు ఊహకు అందలేదు.

మా తీర్పు బావమరిదికి ఇట్లు చెప్పితిమి. ఉదయము వార్తలకును, రాత్రి నాటకమునకును, దినమునకు గంట మించక ఇది ఆయనకు తగును. బస్సులో తగదు. హద్దు తీయరాదు. ఎండలో పెట్టరాదు. భారతీయ ప్రమాణముల సంస్థ నమోదు సంఖ్య పెట్టెపై ఉన్నదో లేదో చూచి కొనుట మంచిది, దీనిపై ఉన్నది. అన్నిటికంటె ముందు చెవి వైద్యుని దగ్గర వినికిడి పరీక్ష చేయించవలెను. ఆ పని హెడ్‌ఫోను కొనక ముందే చేయవలసినదని మేమును, “నాయిన రాడు బావా” అని అతడును అనుకొంటిమి.

పరీక్షకు ఆయన వచ్చుట ఎట్లు జరిగినదనగా, మనుమరాలు తీసికొని పోయినది. కాగితము మీద ఆమె చూపిన గీత 4000 హెర్ట్జ్‌ల చోట బావిలోనికి దిగినట్లు దిగియున్నది. వైద్యులు వినికిడి యంత్రమును సూచించినారు, ఆయన ఆలోచింతునన్నారు. ప్రస్తుతము హెడ్‌ఫోను రాత్రులందు వంటయింటి అలమరపై, ఎండ పడని వైపున, ఛార్జి ఎక్కుచుండును. ఉదయము ఆయన దానిని తగిలించుకొని వార్తలు విందురు. అటుపిమ్మట కోడలు పని చేసికొనుచు, “మామా, కాలవకు నీళ్ళు ఇడిసినారంట్యానా?” అని అడుగును. ఆయన ఒక చెవి దిండు ప్రక్కకు జరిపి, “సాగుకు” అని ఒత్తి చెప్పుదురు.